పతకం దేశానిది, మరి ఆటగాడు ఎవరివాడు? యూదు క్రీడాకారుల వలస చరిత్ర

2021 ఆగస్టు 1న టోక్యో ఒలింపిక్స్‌లో పురుషుల జిమ్నాస్టిక్స్ ఫ్లోర్ ఫైనల్ జరిగింది. ఇజ్రాయెల్ తరఫున దిగిన ఆర్టెమ్ దోల్గోప్యాత్‌కీ, స్పెయిన్ ఆటగాడికీ సమానంగా 14.933 పాయింట్లు వచ్చాయి. మరింత కష్టమైన విన్యాసాలు ఎంచుకున్నందుకు స్వర్ణం దోల్గోప్యాత్‌కి దక్కింది. అన్ని ఒలింపిక్స్ కలిపి ఇజ్రాయెల్‌కి అది రెండో స్వర్ణం. దేశమంతా సంబరాల్లో ఉండగానే అతని తల్లి రేడియోలో తన బాధ చెప్పుకుంది. తన కొడుక్కి ఈ దేశంలో పెళ్లి చేసుకునే వీలు లేదని.

దోల్గోప్యాత్ పుట్టింది యుక్రెయిన్‌లోని ద్నిప్రో నగరంలో. తండ్రి యూదుడు, తల్లి కాదు. పన్నెండేళ్ల వయసులో కుటుంబంతో ఇజ్రాయెల్‌కి వలస వచ్చాడు. తండ్రి వైపు బంధుత్వం చాలు కాబట్టి పౌరసత్వం వచ్చింది. కానీ అక్కడ యూదుల పెళ్లిళ్లు మతాధికారుల చేతిలో ఉంటాయి, వాళ్ల లెక్కలో తల్లి యూదు స్త్రీ అయితేనే బిడ్డ యూదు. మన రిజిస్టర్ ఆఫీసు పెళ్లిలాంటి ఏర్పాటు ఆ దేశంలో లేదు. అందుకే ఇలాంటి జంటలు సైప్రస్‌కో మరో దేశానికో వెళ్లి పెళ్లి చేసుకుని వస్తారు. బయట చేసుకున్న పెళ్లిని మాత్రం ప్రభుత్వం నమోదు చేస్తుంది.

ఒకే మనిషి. పతకం గెలిచినప్పుడు జాతి గర్వకారణం, పెళ్లి దగ్గర పరాయివాడు. 2023 అక్టోబర్ తర్వాత గాజా యుద్ధం వల్ల ఇజ్రాయెల్ జట్లపై, యూదు ఆటగాళ్లపై వార్తలు ఎక్కువయ్యాయి. ఆ వార్తల్లో "యూదు", "ఇజ్రాయెలీ" అన్న రెండు మాటలూ ఒకదాని స్థానంలో ఒకటి దొర్లిపోతున్నాయి. వీటిని విడదీయకుండా ఏ వివాదమూ అర్థం కాదు. విడదీయాలంటే కనీసం వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఎవరు యూదు అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు

ప్రపంచంలో యూదులు సుమారు కోటిన్నర మంది. వాళ్లలో ఎక్కువమంది ఇజ్రాయెల్‌లో, అమెరికాలో ఉన్నారు. ఒక ఆటగాడు యూదు అవునా కాదా అన్నది అడిగేది ఎవరన్న దాన్ని బట్టి మారుతుంది.

సంప్రదాయ మత ధర్మం తల్లిని చూస్తుంది, లేదా మతంలోకి వచ్చిన పద్ధతిని చూస్తుంది. ఇజ్రాయెల్ రాజ్యం 1950లో చేసిన పునరాగమన చట్టాన్ని చూస్తుంది. 1970లో దాన్ని సవరించి, తాతల్లో గాని అమ్మమ్మ, నానమ్మల్లో గాని ఒక్కరు యూదు అయినా పౌరసత్వానికి అర్హత ఇచ్చారు. ఆ మనిషి తనను తాను ఏమనుకుంటున్నాడన్నది మూడో సంగతి. గుడికి వెళ్లకపోయినా, దేవుణ్ణి నమ్మకపోయినా, ఇంటి పండగల వల్లా జ్ఞాపకాల వల్లా యూదుగా భావించుకునేవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఇక నాలుగోది అన్నిటికంటే క్రూరమైనది: పక్కవాడు వేసే ముద్ర. 1935లో నాజీ జర్మనీ చేసిన న్యూరెంబర్గ్ చట్టాలు తాత ముత్తాతల రికార్డులు తవ్వాయి. ఇద్దరు తాతలు, అమ్మమ్మ, నానమ్మ, ఈ నలుగురిలో ముగ్గురు యూదులైతే నువ్వు యూదువి, నువ్వు ఏం నమ్మినా, ఏ చర్చికి వెళ్లినా సరే.

ఇజ్రాయెలీ అన్నది పౌరసత్వం. ఆ దేశ జనాభాలో దాదాపు ఐదో వంతు అరబ్బులు. 1976లో రిఫాత్ తుర్క్ ఇజ్రాయెల్ ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన మొదటి అరబ్ ఆటగాడయ్యాడు. తర్వాతి కాలంలో ఆ జట్టుకు కెప్టెన్‌గా చేసిన బిబ్రాస్ నత్‌ఖో సర్కేసియన్ (కాకసస్ కొండ ప్రాంతపు జాతి) ముస్లిం. మారథాన్‌లో ప్రపంచ పోటీల పతకం తెచ్చిన లోనా సాల్పెటర్ కెన్యాలో పుట్టి, ఇజ్రాయెలీ కోచ్‌ను పెళ్లాడి పౌరురాలైంది. వీళ్లు ఇజ్రాయెలీలు, యూదులు కారు. అటువైపు 1972లో ఏడు స్వర్ణాలు గెలిచిన మార్క్ స్పిట్జ్ యూదు, కానీ అమెరికన్. ఆ పతకాలన్నీ అమెరికావే.

బాక్సింగ్ ప్రతిభ రక్తంలో ఉందా, వీధిలో ఉందా

1881 తర్వాత రష్యా సామ్రాజ్యంలో యూదుల మీద దాడులు, పేదరికం పెరిగాయి. అక్కడి నుంచి 1924 దాకా 20 లక్షల మందికి పైగా తూర్పు యూరప్ యూదులు అమెరికా చేరారు. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఇరుకు గదుల్లో కాపురాలు పెట్టారు. వీధి మలుపు తిరిగితే ఐరిష్ పిల్లలు, ఇంకో మలుపులో ఇటాలియన్ పిల్లలు. కొట్టుకోవడం రానివాడికి బడికి వెళ్లే దారి ఉండేది కాదు. అలా వచ్చినవాడే బెన్నీ లెనర్డ్. అసలు పేరు బెంజమిన్ లైనర్. 1917 నుంచి 1925 దాకా లైట్‌వెయిట్ ప్రపంచ చాంపియన్. షికాగోలో బార్నీ రాస్ తండ్రి మతగ్రంథాలు చదివిన మనిషి, చిన్న కిరాణా కొట్టు నడిపేవాడు. దొంగలు ఆయన్ని కొట్లోనే కాల్చి చంపారు. కుటుంబం చెదిరిపోయింది. రబ్బీ, అంటే యూదు మతగురువు కావాలనుకున్న కుర్రాడు బాక్సింగ్ రింగ్‌లోకి దిగి, మూడు బరువు విభాగాల్లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

బాస్కెట్‌బాల్‌దీ ఇదే కథ. స్థలం తక్కువ, ఖర్చు తక్కువ, నగరపు పేద పేటలకు సరిపోయే ఆట. ఫిలడెల్ఫియాలో దక్షిణ పేట యూదు సంఘం పేరుతో మొదలైన స్ఫాస్ జట్టు 1930ల్లో అమెరికాలో మేటి జట్లలో ఒకటి. 1946 నవంబర్ 1న టొరంటోలో, ఇప్పుడు ఎన్‌బీఏ అని పిలిచే లీగ్ మొదటి మ్యాచ్‌లో మొదటి బుట్ట వేసిన ఆసీ షెక్ట్‌మన్ రష్యా నుంచి వచ్చిన యూదు దంపతుల కొడుకు.

ఆ రోజుల్లో పేరున్న క్రీడా విలేఖరులు కూడా ఈ ఆటకి యూదుల జిత్తులమారి బుర్ర బాగా సరిపోతుందని రాసేవాళ్లు. మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది, లోపల ఉన్నది పాత ద్వేషమే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూదు కుటుంబాలు కాలేజీల్లోకి, శివారు ఇళ్లలోకి మారాయి. పాత పేటల్లోకి నల్లజాతి కుటుంబాలు వచ్చాయి. ఒక్క తరంలో బాస్కెట్‌బాల్ "నల్లవాళ్ల ఆట" అయిపోయింది, అప్పుడు కూడా రక్తం పేరుతోనే వివరణలు పుట్టాయి. ఏ జాతికి ఏ ఆట అన్న మాట ఎప్పుడు విన్నా, ఆ తరంలో ఆ వీధిలో అద్దె ఎవరు కడుతున్నారో చూస్తే చాలావరకు జవాబు దొరుకుతుంది.

బేస్‌బాల్ మాత్రం వేరే రకం పరీక్ష పెట్టింది. అది అమెరికా తన సొంతమనుకునే ఆట. అందులో మెప్పు పొందితే ఆ దేశం మనిషివైనట్టే. రుమేనియా నుంచి వచ్చిన తల్లిదండ్రుల కొడుకు హ్యాంక్ గ్రీన్‌బర్గ్ 1934లో డెట్రాయిట్ టైగర్స్‌కి ఆడుతున్నాడు. జట్టు టైటిల్ పోరులో ఉంది. యూదుల కొత్త సంవత్సరం నాడు ఎంతో ఆలోచించి ఆడాడు, రెండు హోమ్ రన్లు కొట్టి గెలిపించాడు. పది రోజుల్లో వచ్చిన యోమ్ కిప్పూర్, అంటే ఉపవాసంతో పాప పరిహారం చేసుకునే రోజున మాత్రం ఆడలేదు. జట్టు ఓడింది. అయినా ఆ రోజు ప్రార్థనాలయంలోకి వచ్చిన గ్రీన్‌బర్గ్‌కి ఘన స్వాగతం దొరికింది. 1965లో సాండీ కోఫాక్స్ బేస్‌బాల్ ఆఖరి పోరు అయిన వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌నే ఇదే కారణంతో వదులుకున్నాడు. తర్వాత చివరి మ్యాచ్‌లో ప్రత్యర్థికి ఒక్క రన్ కూడా ఇవ్వకుండా సిరీస్ గెలిపించాడు. ఈ ఇద్దరూ రోజూ పూజలు చేసేంత భక్తులేం కాదు. అందరిలో కలిసిపోవాలంటే అన్నీ వదులుకోవాలా అని సందేహపడుతున్న వలస కుటుంబాలకి ఆ ఒక్క సెలవు చాలా పెద్ద సమాధానం.

వియన్నాలో సొంత క్లబ్బు: హాకోవా

పంతొమ్మిదో శతాబ్దం చివర ఆస్ట్రియా, జర్మనీల్లో చాలా వ్యాయామ సంఘాలు యూదులను సభ్యులుగా చేర్చుకోకూడదని నిబంధనలు పెట్టుకున్నాయి. యూదుడు పుస్తకాల పురుగు, ఒళ్లు వంగనివాడు, సైన్యానికి పనికిరానివాడు అన్న ఎగతాళి మామూలైపోయింది. 1898లో బాసెల్‌లో జరిగిన రెండో జియనిస్టు మహాసభలో వైద్యుడు మాక్స్ నోర్డౌ, మనకు కండలు తిరిగిన యూదులు కావాలని పిలుపునిచ్చాడు. యూదులకు సొంత దేశం కావాలన్న రాజకీయ ఉద్యమమే జియనిజం. యూదులందరూ జియనిస్టులు కారు, అప్పుడైతే వాళ్లు చిన్న గుంపే.

ఆ వాతావరణంలో 1909లో వియన్నాలో హాకోవా క్లబ్బు పుట్టింది. పెట్టినవాళ్లలో ఒకరు గేయ రచయిత ఫ్రిట్జ్ లోనర్‌-బేడా. ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, ఈత, కుస్తీ, హాకీ, కత్తిసాము అన్నీ ఉండేవి. నీలం, తెలుపు రంగుల దుస్తులు, ఛాతీ మీద ఆరు కోణాల నక్షత్రం. మొదటి ప్రపంచ యుద్ధంలో గలీషియా (ఇప్పటి పోలండ్, యుక్రెయిన్‌ల మధ్య ఉన్న ప్రాంతం) నుంచి పారిపోయి వచ్చిన కాందిశీకులతో వియన్నాలో యూదుల సంఖ్య 2 లక్షలు దాటింది. పాత కాపులకూ, కొత్తగా వచ్చినవాళ్లకూ మధ్య దూరం ఉండేది. వాళ్లంతా ఒకే గ్యాలరీలో పక్కపక్కన నిలబడి అరిచింది హాకోవా మ్యాచ్‌ల్లోనే.

హంగరీలో 1920లో విశ్వవిద్యాలయాల్లో యూదుల సంఖ్యకి పరిమితి పెట్టే చట్టం వచ్చింది, బయట దాడులు జరుగుతున్నాయి. బుడాపెస్ట్ నుంచి మంచి ఆటగాళ్లు వియన్నాకి వచ్చారు. వాళ్లలో ఒకడు బేలా గుట్‌మన్. 1923లో హాకోవా లండన్ వెళ్లి, ఆ ఏడాది ఎఫ్‌ఏ కప్ ఫైనల్ ఆడిన వెస్ట్‌హామ్‌ను 5-0తో ఓడించింది. వెస్ట్‌హామ్ అసలు జట్టులో చాలామంది ఆ రోజు దిగలేదు. అయినా ఇంగ్లండ్ గడ్డ మీద ఇంగ్లిష్ క్లబ్బు యూరప్ క్లబ్బు చేతిలో ఓడటం పెద్ద సంచలనం. 1924-25లో ఆస్ట్రియా లీగ్ టైటిల్ హాకోవాదే. నిర్ణాయక మ్యాచ్‌లో గోల్‌కీపర్ ఫాబియన్ చెయ్యి విరిగింది. సబ్‌స్టిట్యూట్లు లేని రోజులు. చేతికి కట్టు కట్టుకుని ముందు వరుసలోకి వచ్చి, గెలుపు గోల్ తనే కొట్టాడు.

మరుసటి ఏడాది అమెరికా పర్యటన. న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో ఒక మ్యాచ్‌కి 46,000 మంది వచ్చారు. ఆ విజయమే క్లబ్బును దెబ్బతీసింది. అమెరికాలో జీతాలు బాగున్నాయి, వీధుల్లో దాడులు లేవు. 1924 చట్టం వలసదారులకు తలుపులు దాదాపు మూసేసింది, కానీ ఫుట్‌బాల్ క్లబ్బులు పిలుస్తున్నాయి. గుట్‌మన్‌తో సహా చాలామంది అక్కడే ఆగిపోయారు. వియన్నాలో హాకోవా మళ్లీ ఆ స్థాయికి చేరలేదు. అప్పట్లో అభిమానులు దీన్ని ద్రోహం అన్నారేమో గాని, పన్నెండేళ్ల తర్వాత ఏం జరిగిందో తెలిసిన మనం ఆ మాట అనలేం. 1938లో ఆస్ట్రియాను జర్మనీ కలుపుకోగానే క్లబ్బును రద్దు చేసి, మైదానాన్ని లాక్కున్నారు. లోనర్‌-బేడాను 1942లో ఆష్విట్జ్ నాజీ శిబిరంలో చంపారు.

సొంత క్లబ్బు పెట్టుకోవడం సరైన దారేనా అన్న వాదన యూదుల్లోనే గట్టిగా నడిచింది. విడిగా నిలబడితే వేరు చేసేవాళ్ల పని మనమే చేసిపెట్టినట్టు కాదా అనేవాళ్లు ఒక వైపు. వాళ్లు అందరికీ తలుపులు తెరిచిన బుడాపెస్ట్ ఎంటీకే, ఆస్ట్రియా వియన్నా లాంటి క్లబ్బుల్లో చేరారు. బయర్న్ మ్యూనిక్ 1932లో తొలి జర్మన్ టైటిల్ గెలిచినప్పుడు అధ్యక్షుడు కుర్ట్ లాండౌర్, కోచ్ రిచర్డ్ డోంబీ, ఇద్దరూ యూదులే. నక్షత్రం దాచుకుని గెలిస్తే గెలుపు మనది అవుతుందా అనేవాళ్లు ఇంకో వైపు. 1933లో లాండౌర్ పదవి వదలాల్సి వచ్చింది, 1938లో డాకౌ నాజీ నిర్బంధ శిబిరం, తర్వాత స్విట్జర్లాండ్. కలిసిపోయినవాళ్లనూ, విడిగా నిలిచినవాళ్లనూ నాజీలు ఒకే జాబితాలో రాశారు. అందుకని కలిసిపోయే దారి తప్పు అని తేల్చేయడం తొందరపాటు. 1947లో లాండౌర్ తిరిగి వచ్చినప్పుడు బయర్న్ మళ్లీ ఆయన్నే అధ్యక్షుణ్ణి చేసుకుంది.

1936 బెర్లిన్: నలుగురు అమ్మాయిలు, నాలుగు దారులు

బెర్లిన్ ఒలింపిక్స్ అనగానే అందరికీ అమెరికా నల్లజాతి పరుగుల వీరుడు జెస్సీ ఓవెన్స్ గుర్తొస్తాడు. ఈ విషయానికి అంతకంటే దగ్గరి కథలు మహిళలవి.

గ్రెటెల్ బెర్గ్‌మన్ జర్మనీ హై జంపర్. 1933లో క్లబ్బు నుంచి వెళ్లగొట్టారు. లండన్ వెళ్లి 1934లో బ్రిటిష్ టైటిల్ గెలిచింది. జర్మనీలో యూదుల పట్ల వివక్ష ఉంటే ఒలింపిక్స్‌కి రామని అమెరికాలో బహిష్కరణ ఉద్యమం లేచింది. దాన్ని చల్లార్చడానికి, కుటుంబం మీద ఒత్తిడి పెట్టి బెర్గ్‌మన్‌ను వెనక్కి రప్పించి శిక్షణ బృందంలో చూపించారు. 1936 జూన్‌లో ఆమె 1.60 మీటర్లు దూకి జర్మన్ రికార్డును సమం చేసింది. జూలైలో అమెరికా జట్టు ఓడ బయల్దేరాక, ఆమెకి ఉత్తరం వచ్చింది: నీ ప్రదర్శన సరిపోదని. ఆ స్థానంలో మరొకరిని కూడా తీసుకోలేదు. ఒలింపిక్స్‌లో మొదటి ముగ్గురూ దాటిన ఎత్తు అదే 1.60. టై బ్రేక్‌లో 1.62 దూకి స్వర్ణం గెలిచిన ఇబోయా చాక్ హంగరీ అమ్మాయి, ఆమె కూడా యూదు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఒకే పోటీలో ఒక యూదు అమ్మాయిని గేటు బయటే ఆపేశారు, ఇంకో యూదు అమ్మాయి మెడలో స్వర్ణం పడింది. తేడా వాళ్ల పాస్‌పోర్టు. హిట్లర్ ప్రభుత్వం తన పౌరులను తొక్కగలిగింది, హంగరీ జట్టును వద్దనలేకపోయింది.

మహిళల కత్తిసాములో ఇది ఇంకా చిక్కుపడింది. స్వర్ణం హంగరీ ఇలోనా ఎలెక్‌ది, రజతం జర్మనీ హెలెనె మాయర్‌ది, కాంస్యం ఆస్ట్రియా ఎలెన్ ప్రైస్‌ది. ముగ్గురికీ యూదు మూలాలున్నాయి. మాయర్ 1928లో స్వర్ణం గెలిచిన తార. 1933లో సొంత ఊరి క్లబ్బు ఆమె పేరు కొట్టేసింది, అప్పటికి ఆమె కాలిఫోర్నియాలో ఉంది. అయినా జర్మనీ పిలిస్తే వెళ్లింది, పోడియం మీద నాజీ సెల్యూట్ చేసింది. ఆమెను ద్రోహి అన్నవాళ్లు ఉన్నారు. జర్మనీలో ఉన్న కుటుంబం కోసం చేసిందనేవాళ్లూ, తనను తాను ఎప్పుడూ జర్మన్‌గానే అనుకుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. మూడూ ఒకేసారి నిజం కావచ్చు. నాకైతే ఆ సెల్యూట్ తప్పే. కానీ ఆ తప్పుకి బాధ్యత మొదట ఆమెను ఆ మెట్టు మీద నిలబెట్టినవాళ్లది.

నాలుగో దారి హాకోవా ఈతగత్తె జూడిత్ డాయిచ్‌ది. 1935లో ఆస్ట్రియా మేటి క్రీడాకారుల్లో ఒకరిగా సత్కారం అందుకుంది. బెర్లిన్ జట్టుకు ఎంపికయ్యాక తనూ, క్లబ్బు సహచరులు రూత్ లాంగర్, లూసీ గోల్డ్‌నర్ కూడా వెళ్లం అన్నారు. ఆస్ట్రియా ఈత సమాఖ్య వాళ్లని నిషేధించి టైటిళ్లు చెరిపేసింది. గమనించండి, ఇది నాజీలు రాకముందు, స్వతంత్ర ఆస్ట్రియాలో జరిగింది. ఆ టైటిళ్లు తిరిగి ఇచ్చింది 1995లో. బెర్గ్‌మన్ జర్మన్ రికార్డును తిరిగి పుస్తకాల్లో ఎక్కించడానికి 2009 దాకా పట్టింది. ఆమె 1937లో అమెరికా వెళ్లి అక్కడ జాతీయ చాంపియన్ అయి, 103 ఏళ్లు బతికింది.

పతకం ఎవరినీ కాపాడలేదు

దేశానికి పేరు తెస్తే ఆ దేశం మనల్ని తనవాళ్లనుకుంటుందన్న నమ్మకం హంగరీ యూదు క్రీడాకారుల్లో చాలా బలంగా ఉండేది. దానికి కారణం ఉంది. 1896 తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో హంగరీకి మొదటి స్వర్ణాలు తెచ్చింది ఈతగాడు ఆల్ఫ్రెడ్ హాయోష్. పుట్టినప్పటి పేరు ఆర్నోల్డ్ గుట్‌మన్. హంగరీ పేరు పెట్టుకోవడం ఆ తరానికి మామూలు. కత్తిసాములో 1928, 1932 స్వర్ణాలు గెలిచిన ఆటిలా పెట్‌షాఅర్ 1943లో బలవంతపు కూలీ శిబిరంలో చనిపోయాడు. 1936 బెర్లిన్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన ఎండ్రె కాబోష్‌ని కూడా కూలీ దళంలో వేశారు. 1944 నవంబర్ 4న బుడాపెస్ట్ మార్గరెట్ వంతెన పేలుడులో పోయాడు.

ఆగ్నెష్ కెలెతి బతికింది. 1921లో పుట్టిన ఈ జిమ్నాస్ట్ మారు పేరు కాగితాలతో, పల్లెలో పనిమనిషిగా యుద్ధం దాటింది. తండ్రి ఆష్విట్జ్‌లో పోయాడు. 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు, 1948లో గాయం. మొదటిసారి ఒలింపిక్స్‌లో దిగేసరికి 31 ఏళ్లు. 1952, 1956 కలిపి 10 పతకాలు, అందులో 5 స్వర్ణాలు. 1956లో మెల్‌బోర్న్ పోటీలు మొదలయ్యే కొద్ది రోజుల ముందే హంగరీ తిరుగుబాటును సోవియట్ సైన్యం అణిచేసింది. ఆమె ఆస్ట్రేలియాలో ఆగి, తర్వాతి ఏడాది ఇజ్రాయెల్ వెళ్లి, అక్కడ జిమ్నాస్టిక్స్‌కి పునాదులు వేసింది. చివరి ఏళ్లలో మళ్లీ బుడాపెస్ట్ చేరి, 2025 జనవరి 2న 103 ఏళ్ల వయసులో కన్నుమూసింది. రికార్డుల్లో ఆ పది పతకాలూ హంగరీవే.

హాకోవా బేలా గుట్‌మన్ కూడా 1944లో కూలీ శిబిరం నుంచి తప్పించుకున్నాడు. తర్వాత ఇటలీ, బ్రెజిల్, పోర్చుగల్ తిరిగి, 1961, 1962ల్లో బెన్ఫికాను యూరోపియన్ కప్ విజేతను చేశాడు. ఏ క్లబ్బులోనూ ఎక్కువ కాలం ఆగలేదు. దాన్ని ఆయన కోపిష్టి స్వభావం అంటారు. ఊరు విడిచి బతకడం ఇరవై రెండేళ్లకే నేర్చుకున్న మనిషి అని కూడా అనుకోవచ్చు.

బాధితుల పక్షమే ఎప్పుడూ కాదు: దక్షిణాఫ్రికా క్రికెట్

దక్షిణాఫ్రికా వెళ్లిన యూదుల్లో ఎక్కువమంది లిథువేనియా నుంచి వచ్చినవాళ్లు. యూరప్‌లో వెలివేసినవాళ్లు, అక్కడి రంగు చట్టాల్లో తెల్లవాళ్ల గడిలో పడ్డారు. ఆ కుటుంబాల బిడ్డే అలీ బాకర్. 1970లో ఆస్ట్రేలియాను 4-0తో ఓడించిన దక్షిణాఫ్రికా జట్టు కెప్టెన్. అందరూ తెల్లవాళ్లే ఉన్న ఆ జట్టు తర్వాత రెండు దశాబ్దాలు అంతర్జాతీయ క్రికెట్‌కి దూరమైంది. 1990లో నిషేధాన్ని ధిక్కరించి ఇంగ్లండ్ ఆటగాళ్లను రప్పించిన వివాదాస్పద పర్యటన వెనక ఉన్నదీ ఆయనే. ఆ తర్వాత నల్లజాతి నాయకులతో కలిసి ఒకే క్రికెట్ బోర్డు కట్టి, 1991 నవంబర్‌లో జట్టును కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌కి తెచ్చిందీ ఆయనే. వలస వెళ్లిన చోట ఏ గడిలో పడ్డామన్నది కూడా ఈ చరిత్రలో భాగం. దాన్ని వదిలేస్తే కథ సగమే చెప్పినట్టు.

మ్యూనిక్‌లో చనిపోయిన 11 మంది ఎక్కడివాళ్లు

1972 సెప్టెంబర్ 5, 6 తేదీల్లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పాలస్తీనా సాయుధుల దాడిలో ఇజ్రాయెల్ జట్టుకు చెందిన 11 మంది చనిపోయారు. వాళ్లు పుట్టిన ఊళ్లు చూస్తే ఆ శతాబ్దపు వలస పటం కనిపిస్తుంది. ఆ నేల మీద పుట్టింది ఇద్దరే. మిగిలినవాళ్లు రుమేనియా, పోలండ్, లాత్వియా, బెలారస్, రష్యా, లిబియా, అమెరికాల్లో పుట్టినవాళ్లు. మిన్స్క్‌లో పుట్టిన కుస్తీ కుర్రాడు మార్క్ స్లావిన్ సోవియట్ యూనియన్ వదిలి వచ్చి కొన్ని నెలలే అయింది. బతికి బయటపడ్డ నడక పోటీదారు షావుల్ లదానీ బెల్‌గ్రేడ్‌లో పుట్టి, ఎనిమిదేళ్లప్పుడు బెర్గెన్‌-బెల్సెన్ నాజీ శిబిరంలో ఉన్నవాడు.

ఆసియా దేశం యూరప్ లీగ్‌లో ఎందుకు ఆడుతుంది

ఇజ్రాయెల్ ఫుట్‌బాల్ జట్టు మొదట్లో ఆసియా సమాఖ్యలోనే ఉండేది. 1958 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో ప్రత్యర్థులంతా ఆడమని తప్పుకోవడంతో, ఒక్క మ్యాచ్ ఆడకుండానే చివరికి వచ్చేసింది. ఫిఫా ఒప్పుకోక వేల్స్‌తో రెండు మ్యాచ్‌లు పెట్టింది, రెండూ వేల్స్ గెలిచింది. 1964 ఆసియా కప్ ఇజ్రాయెల్ గెలిచినప్పుడు రెండో స్థానం ఇండియాది.

అంతకు రెండేళ్ల ముందు జరిగిన సంగతిలో హైదరాబాద్‌కి నేరుగా సంబంధం ఉంది. 1962 జకార్తా ఆసియా క్రీడలకు ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు వీసాలు ఇవ్వలేదు. ఇది నిబంధనలకు విరుద్ధమని భారత క్రీడాధికారి జి.డి.సోంధీ పట్టుబట్టారు. జకార్తాలో భారత రాయబార కార్యాలయం మీద జనం దాడి చేశారు. అదే సమయంలో హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం జట్టు ఫుట్‌బాల్ ఫైనల్ ఆడాలి. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఆ బృందంలో ఉన్నారు. సెప్టెంబర్ 4న స్టేడియం నిండా ఇండియాకు వ్యతిరేకంగా అరుపుల మధ్య దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. మన ఫుట్‌బాల్ అతిగొప్ప రోజు వెనక ఎవరు ఆసియావాళ్లు, ఎవరు కారు అన్న గొడవ ఉందని చాలామందికి తెలియదు.

1974లో ఇజ్రాయెల్‌ను ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య తొలగించింది. 1982లో న్యూఢిల్లీలో ఏర్పడిన ఆసియా ఒలింపిక్ మండలిలో చోటు దక్కలేదు. కొన్నేళ్లు ఓషియానియాతో ఆడి, 1994లో యూరప్ సమాఖ్య పూర్తి సభ్యత్వం పొందింది. 2023లో ఇజ్రాయెల్ యువ జట్టు వస్తుందన్న వివాదంతో ఇండోనేషియా అండర్‌-20 ప్రపంచ కప్ ఆతిథ్యం పోగొట్టుకుంది. 2025 అక్టోబర్‌లో జకార్తాలో ప్రపంచ జిమ్నాస్టిక్స్ పోటీలకు ఇజ్రాయెల్ జట్టుకు మళ్లీ వీసాలు నిరాకరించారు. క్రీడా న్యాయస్థానం జోక్యం చేసుకోలేదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మాత్రం ఇండోనేషియాలో పోటీలు పెట్టవద్దని సమాఖ్యలకు సూచించింది.

ఇప్పటి వాదన: జెండా మీద చర్యా, మనిషి మీద చర్యా

ఒక వాదన ప్రకారం ఆటగాడు ప్రభుత్వం కాదు. పుట్టుక వల్లో, పాస్‌పోర్టు వల్లో మనిషిని పోటీ నుంచి ఆపడం బెర్లిన్‌ను గుర్తు చేస్తుంది. రెండో వాదన: జాతీయ జట్టు అంటేనే జెండా, జాతీయ గీతం, ప్రభుత్వ ప్రతిష్ఠ. దక్షిణాఫ్రికాను దూరం పెట్టినప్పుడు తెల్ల ఆటగాళ్ల పుట్టుకను ఎవరూ శిక్షించలేదు, ఒక విధానాన్ని శిక్షించారు. గాజాలో మైదానాలు నేలమట్టమయ్యాయి, పాలస్తీనా ఆటగాళ్లు చనిపోయారు, వాళ్ల రాకపోకల మీద ఆంక్షలు ఉన్నాయి, ఈ బాధ ఎవరు లెక్కలోకి తీసుకుంటారని వాళ్లు అడుగుతారు. రెండింటిలోనూ బలం ఉంది. కానీ రెండో వాదన జాతీయ జట్టుకే వర్తిస్తుంది. వేరే దేశపు యూదు ఆటగాడి మీదకి మళ్లితే అది మళ్లీ ముద్ర వేయడమే అవుతుంది.

ఆ గీత ఎంత సన్ననిదో 2024 జనవరిలో దక్షిణాఫ్రికాలో కనిపించింది. అండర్‌-19 ప్రపంచ కప్‌కి ముందు డేవిడ్ టీగర్‌ను కెప్టెన్సీ నుంచి తప్పించారు. తన అవార్డును ఇజ్రాయెల్ సైనికులకు అంకితం చేస్తున్నానని అతను అంతకుముందు అన్నాడు. నిరసనల వల్ల భద్రతకు ముప్పుందని బోర్డు కారణం చెప్పింది. ఇది అతని రాజకీయ మాటకు వచ్చిన ఫలితమని కొందరు, యూదు కాబట్టే ఇలా చేశారని అక్కడి యూదు సంఘాలు అన్నాయి. ఆటగాడిగా మాత్రం జట్టులో ఉంచారు.

రష్యాతో పోలిక కూడా తరచూ వస్తుంది. 2023 అక్టోబర్‌లో రష్యా ఒలింపిక్ కమిటీని సస్పెండ్ చేసినప్పుడు చెప్పిన కారణం యుద్ధం కాదు. యుక్రెయిన్‌కి చెందిన నాలుగు ప్రాంతాల క్రీడా సంఘాలను అది తనలో కలుపుకోవడం. పాలస్తీనా ఫుట్‌బాల్ సంఘం పట్టుకున్నది సరిగ్గా ఈ తర్కాన్నే. ఆక్రమిత వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెలీలు కట్టుకున్న కాలనీల (సెటిల్‌మెంట్ల) క్లబ్బులు ఇజ్రాయెల్ లీగుల్లో ఆడుతున్నాయి, ఆ నేల మా సంఘం పరిధి అని 2024 మేలో ఫిఫా సభలో సస్పెన్షన్ కోరింది. ఇది భూభాగం మీద రాజకీయ తగాదా, ఫుట్‌బాల్ తీర్చేది కాదని ఇజ్రాయెల్ వైపు వాదన. అదే ఏడాది అక్టోబర్‌లో ఫిఫా సస్పెన్షన్ జోలికి వెళ్లకుండా ఫిర్యాదును రెండు కమిటీలకు అప్పగించింది: వివక్ష ఆరోపణ ఒకదానికి, ఆ క్లబ్బుల సంగతి మరొకదానికి.